అరుగు మీద అతిథి

కలం స్నేహం అంటే ఏవిటో ఈ కాలేజీలో ఇప్పుడు చదువుతున్న వాళ్ళకి విప్పి చెప్పాలేమో. ముఖం తెలియని మనిషికి ఉత్తరం రాసి, పోస్టులో వేసి, జవాబు కోసం ఇరవై రోజులపాటు పోస్టుమాను సైకిలు బెల్లు వింటూ కూర్చోవడం అన్నమాట. ఫిన్లండులో తుర్కు అనే ఊళ్ళో ఇంటర్నేషనల్ యూత్ సర్వీస్ అని ఒక సంస్థ ఉండేది. 1952లో పుట్టి 2008లో మూతపడింది. పేరూ, వయసూ, ఏ దేశపు మిత్రులు కావాలో ఫారం మీద రాసి పంపిస్తే ఒక చిరునామా పంపేవారు. కోనసీమలో మా ఇంగ్లీషు మాస్టారు ఎక్కణ్ణించో ఆ ఫారాలు తెప్పించి, ఎనిమిదో తరగతిలో మా పదిమంది చేతా పూర్తి చేయించారు. నాకు హాలండు తగిలింది.

ఆ అమ్మాయిది జేలాండ్ ప్రాంతం. మనలాగే ఏటిపాయలు సముద్రంలో కలిసే చోటు, గట్లే కాపలా. ప్రైమరీ స్కూలు ఆఖరి తరగతి చదువుతోంది. ఆ పిల్ల ఇంగ్లీషు నా ఇంగ్లీషు కన్నా గొప్పదేమీ కాదు. అదే మా ఇద్దరికీ కలిసొచ్చింది. మొదట్లో ఆవులు, కొబ్బరిచెట్లు, స్టాంపులు. అసలు ఉత్తరం 1986 వేసవిలో వచ్చింది.

వాళ్ళ బడికీ జర్మనీలో ఒక బడికీ పొత్తు ఉందిట. ఏడాది పొడుగునా పిల్లలు ఉత్తరాలు రాసుకుంటారు. తరువాత అక్కడివాళ్ళు ఇక్కడికి వచ్చి వారం రోజులు ఇంటికొకరు చొప్పున ఉంటారు. మరుసటి ఏడు వీళ్ళు అక్కడికి వెళతారు. హోటలూ లేదు, హాస్టలూ లేదు. ఆ ఇంట్లో వాళ్ళు ఏం తింటే అదే. ఈ పిల్ల ఇంటికి ఒక జర్మన్ పిల్ల రావాలి. వాళ్ళ 'ఓమా' (ఓమా అంటే మామ్మ) ససేమిరా ఒప్పుకోలేదు. 1940 నుంచి 1945 వరకు ఆ దేశం జర్మన్ సైన్యం కింద ఉంది. ఆవిడ భర్తని వెట్టి పనికి జర్మనీ ఫ్యాక్టరీకి పట్టుకుపోయారు. "ఆ భాష మా వంటింట్లో వినపడకూడదు" అందిట ఆవిడ. చివరికి అమ్మా నాన్నా పిల్లని తెచ్చారు. మొదటి రెండు రోజులూ ఓమా తన గదిలోంచి బయటికి రాలేదు. మూడోరోజు ఆ జర్మన్ పిల్లకి జ్వరం వస్తే, రాత్రంతా పక్కన కూర్చున్నది మాత్రం ఆవిడేనట.

ఈ పొత్తుల పద్ధతి వాళ్ళకి వినోదం కోసం పుట్టలేదని తరువాత చదివి తెలుసుకున్నాను. ఫ్రాన్సులో ఫ్రెనే అనే బడిపంతులు 1920లలోనే తన దక్షిణాది పల్లె పిల్లల చేత, దేశానికి ఆ కొసన ఉన్న బ్రిటనీ పిల్లలకి ఉత్తరాలు రాయించాడు. డెబ్బై అయిదేళ్ళలో మూడుసార్లు యుద్ధం చేసుకున్న ఫ్రాన్సూ జర్మనీ 1963 జనవరిలో ఒడంబడిక రాసుకుని, ఆ ఏడే యువజనుల రాకపోకల కోసం ప్రత్యేకంగా ఒక కార్యాలయమే పెట్టాయి. ఐరోపా సంఘం 2005లో ఈట్విన్నింగ్ పేరిట బడుల్ని కంప్యూటర్ల మీద కూడా జతపరిచింది. అయితే తెర మీద పలకరింపుకి ఓమా అంత గొడవ చేసేది కాదు. ఇంటికి వస్తేనే గొడవ.

మాస్టారికి ఆ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ వారంలోనే రంపచోడవరం వైపు ఏజెన్సీలో తనకి తెలిసిన ఒక మాస్టారికి కార్డు రాశారు. మీ పిల్లలు పన్నెండు మంది, మా పిల్లలు పన్నెండు మంది. ముందు ఉత్తరాలు, తరువాత రాకపోకలు. 15 పైసల కార్డు మీద నాకు ఒక కొండరెడ్ల కుర్రాడు జత కుదిరాడు.

ఇంతలో గోదావరి వచ్చింది. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగిపోయాయి, మా బడి నిండా కొంపలు వదిలి వచ్చినవాళ్ళు. దసరాకి అనుకున్న రాక కాస్తా ఆగిపోయింది. హాలండు పిల్ల పేపర్లో చూసి రాసింది. 1953 ఫిబ్రవరి 1న వాళ్ళకి సముద్రమే గట్లు తెంపుకుని వచ్చి 1836 మందిని తీసుకుపోయిందిట. ఆ తరువాత కట్టిన ఊస్టర్‌స్కెల్డా అడ్డుకట్టని అదే ఏడు అక్టోబరు 4న రాణిగారు ప్రారంభించారు. ఆ బొమ్మ ఉన్న కార్డు పంపింది. దాని పక్కన ధవళేశ్వరం ఆనకట్ట ఫోటో పెట్టి మాస్టారు ఒక పీరియడంతా పాఠం చెప్పారు.

సంక్రాంతి వెళ్ళాక వాళ్ళు వచ్చారు. మా ఇంట్లో రగడ వారం ముందే మొదలైంది. మా మామ్మ ప్రశ్న ఒక్కటే: "వాళ్ళేవిట్లు?" కొండవాళ్ళని చెప్పాను. "అయితే సావిట్లో కాదు, అరుగు మీద" అంది. నాన్న నోరెత్తలేదు. కుర్రాడు వచ్చాడు. అరుగు మీద ఆకు వేశారు. నేనూ నా ఆకు పట్టుకెళ్ళి అతని పక్కనే వేసుకున్నాను. మామ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "వెధవకి మొండితనం ఎవరిదొచ్చిందో" అని లోపలికి పోయింది. నాలుగు రోజులూ అరుగే. ఆఖరిరోజు మామ్మే సంచీలో అయిదు కొబ్బరికాయలూ, పొట్లం కట్టి పూతరేకులూ పెట్టింది. అతను నీళ్ళు తాగిన గ్లాసు మాత్రం మా ఇంట్లో చాలాకాలం విడిగానే ఉంది.

ఓమా ఇంట్లో జ్వరం చేసిన పని మా ఇంట్లో పూతరేకులు చెయ్యలేకపోయాయి. నేను హాలండుకి ఉన్నదున్నట్టే రాశాను. 'అరుగు' అనే మాటకి ఇంగ్లీషు దొరక్క బొమ్మ వేసి పంపాను.

వేసవి సెలవుల ముందు మా వంతు. రావులపాలెం మీదుగా రాజమండ్రి, అక్కణ్ణించి గోకవరం, ఆపైన అడవి. వాళ్ళది తాటాకు ఇల్లు. అతని తల్లి పొయ్యి దగ్గర చాప వేసింది గానీ వడ్డించలేదు. కొడుకు వంక చూసి, నా వంక చూసి, "మా ఇంట తింటే మీ మామ్మ ఏమన్నా అంటదా, బాబూ?" అని అడిగింది. అరుగు సంగతి ఆ కుర్రాడు ఇంట్లో చెప్పాడన్నమాట! "మామ్మకి నేను చెబుతాను, పెట్టండమ్మా" అన్నాను. వెదురుకొమ్ముల కూరా, చింతపండు చారూ. రెండుసార్లు పెట్టించుకున్నాను. ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను కూడా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "కూరలో కారం ఎక్కువా?" అని అడిగింది.

మరుసటి ఏడు మాస్టారికి బదిలీ అయింది, పొత్తు ఆగింది. ఒక్క మనిషి భుజం మీద నడిచే పనులన్నిటికీ ఇదే గతి. అక్కడ అది సర్కారు డబ్బుతో, బడి టైంటేబులులో భాగంగా నడుస్తుంది. తేడా అక్కడే ఉంది గానీ, మన మనసులు ఇరుకు, వాళ్ళవి విశాలం అనుకోవడంలో లేదు. ఓమాని చూశాం కదా. ఇక్కడా కేంద్రం మన రాష్ట్రాన్ని పంజాబుతో జత కట్టింది. మంచిదే. కానీ అమృత్‌సర్ పిల్లవాడికి మన ఊళ్ళో ఏ ఇంటివాళ్ళైనా పీట వేస్తారు. కొండ మీద పిల్లవాడికో, పక్కనున్న పేట పిల్లవాడికో వెయ్యాలి. 2022లో జిల్లాలు విడగొట్టాక మా ఊరూ అతని ఊరూ వేరువేరు జిల్లాలు కూడా అయ్యాయి.

యూనియన్ మిత్రులకి ఒక మనవి. ఏటా ఎక్స్‌కర్షన్‌కి ఊటీయో అరకో వెళుతూనే ఉన్నారు. ఒక్క ఏడు ఆ డబ్బుతో డెల్టాలో ఒక ప్రైమరీ స్కూలునీ, ఏజెన్సీలో ఒక ప్రైమరీ స్కూలునీ కలపండి. ఉత్తరాలు రాయించే పని మీలో బి.ఇడి.కి వెళ్ళదలిచినవాళ్ళు చూసుకోవచ్చు. కావలసింది పన్నెండు ఇళ్ళు, అవీ అరుగు మీద కాకుండా లోపల వడ్డించే ఇళ్ళు. వాటిని వెతకడానికే ఎక్కువ తిరగాల్సి వస్తుంది. మొదటి జట్టు బస్సు ఖర్చులు నావి. నా చిరునామా సంపాదకుల దగ్గర ఉంది.