కైరుప్పలలో గడువున్న గొడవ

2025 మార్చి 31. గుత్తిలో బస్సు దిగేసరికి ఈద్గా నుంచి కొత్తబట్టల జనం తిరిగొస్తున్నారు. ముందురోజు ఉగాది, ఈరోజు రంజాన్. ఆ ఉగాది రోజే యూదుల నీసాను మాసమూ మొదలైంది. ఈజిప్టు చెర నుంచి బయలుదేరే ముందు ఇశ్రాయేలీయులకు దేవుడు మొదట చెప్పింది పంచాంగం సంగతే అంటుంది నిర్గమకాండం: ఈ వసంతమాసమే మీ ఏటికి మొదలు కావాలని. మనకు అధికమాసం ఉన్నట్టే వాళ్లకూ ఉంది. చంద్రుడితో నడిచే నెలలను రుతువులతో సరిపెట్టడానికి ఇద్దరూ పట్టుకున్న దారి ఒకటే. అందుకే చైత్రమూ నీసానూ తరచు పక్కపక్కనే వస్తాయి. అధికమాసం లేని రంజాన్ రుతువులన్నీ తిరిగి తిరిగి ఈసారి వాటి సరసన చేరింది.

కొంతకాలంగా మోషే ధర్మశాస్త్రం చదువుతున్నాను. ఒక కట్టడి వేల ఏళ్లు ఎలా నిలుస్తుందన్నది నన్ను వదలని ప్రశ్న. ఆ ప్రశ్నతోనే కర్నూలు జిల్లా పడమటి వైపుకు, ఆస్పరి మండలం కైరుప్పలకు బయలుదేరాను. ఉగాది మరునాడు ఆ ఊళ్లో పిడకల సమరం.

దారిలో ఎర్రగుడి. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటివి. బ్రాహ్మీ లిపిలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి అని రాజు చెప్పించిన మాటలు. అమ్మానాన్నలను గౌరవించాలన్నది మోషే పది ఆజ్ఞల్లోనూ ఉంది. అదీ రాతిపలకల మీద చెక్కిందేనని కథనం.

"ఏముందన్నా ఆ బండల మింద? మా తాతకూ తెల్దు, మాకూ తెల్దు" అన్నాడు ఆటో అబ్బాయి. అతని తప్పేం లేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని విప్పేదాకా దేశంలో ఎవరికీ తెలియదు. తన మాట రాతి మీద పడి ఉంటే చాలదని అశోకుడికీ తెలుసు. కళింగలోని ధౌలి, జౌగడ శాసనాల్లో, తిష్య నక్షత్రం వచ్చిన రోజున దీన్ని చదివి వినిపించండని అధికారులకు పురమాయించాడు. చదివించే రాజ్యం పోయాక ఆ చదువూ ఆగిపోయింది, రాయి మిగిలింది. మోషే రాతిపలకలు మాత్రం ఎటు పోయాయో ఎవరికీ ఆనవాలు లేదు, వాటి మీది మాటలు నిలిచాయి.

పత్తికొండలో టీ తాగాను. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో కన్నుమూసింది ఇక్కడే. ఎండ అప్పటికే కళ్లు చెదరగొడుతోంది. ఆస్పరి దారికి రెండు వైపులా పంట తీసేసిన నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది.

కైరుప్పలలో మధ్యాహ్నానికే మిద్దెలన్నీ నిండాయి. వీధికి అటూ ఇటూ పిడకల కుప్పలు. ఊరంతా పోగేసి పెట్టుకున్న సరుకు. అరుగు మీద జరిగి చోటిచ్చిన ఒక పెద్దాయన కథ మొదలుపెట్టాడు. వీరభద్రస్వామి, కాళికాదేవి ప్రేమించుకున్నారు. పెండ్లి మాట దగ్గర తకరారు వచ్చింది. స్వామి మాట తప్పినాడని అమ్మవారి వైపు వాళ్లకు కోపం. పేడ పిడకలతో కొట్టి అవమానించాలనుకున్నారు. స్వామి వైపు వాళ్లు ఊరుకుంటారా? వాళ్లూ పిడకలందుకున్నారు. చివరకు పెద్దలు పంచాయితీ చేసి పెండ్లి చేశారు. ఊరు ఆ రెండు వర్గాలుగా చీలి ఏటా ఆ గొడవ మళ్లీ పడుతుంది.

"మా అన్న ఆ పక్క, నేను ఈ పక్క. కొట్లాడేంతసేపు అన్నా లేదు తమ్ముడూ లేదు సామీ."

"దెబ్బ తగిలితే కేసు పెట్టరా తాతా?"

"కేసా? దేవుని పనికి కేసేంది! విబూది పూసుకుంటే సరి."

ఎవరికి వాళ్లు మొదలుపెట్టడానికి వీల్లేదు. పక్కనున్న కారుమంచి నుంచి రెడ్డి వంశం వారు గుర్రమెక్కి, మేళతాళాలతో రావాలి. గుడిలో పూజ చేసి వెనుదిరగాలి. వారు ఊరు దాటాకే మొదటి పిడక లేస్తుంది. సాయంత్రం అలాగే జరిగింది. ఒక్కసారిగా ఈలలు, కేకలు. ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్న కుర్రాళ్లు ఒంగడం, విసరడం, వెనక్కి ఉరకడం. పిడకలు గాల్లోనే పగిలి పొడి లేచింది. కాసేపటికి ఎదుటి వర్గమే కాదు, ఎదుటి గోడ కూడా కనపడలేదు. నా పక్క మిద్దె మీద ఆడవాళ్లు రెండు వైపులా ఉత్సాహపరుస్తున్నారు. అరగంట. పెద్దలు చేతులెత్తారు, ఆగిపోయింది. పగిలిన నుదుళ్లతో అందరూ ఒకే గుడికి నడిచారు.

నిర్గమకాండం ఇరవై ఒకటో అధ్యాయంలో సరిగ్గా ఇలాంటి గొడవకు ఒక నియమం ఉంది. ఇద్దరు పోట్లాడుకుని ఒకడు రాయితోనో పిడికిలితోనో కొడితే, దెబ్బతిన్నవాడు చావకుండా మంచాన పడితే, కొట్టినవాడు అతని పని నష్టం కట్టాలి, పూర్తిగా నయమయ్యేదాకా వైద్యం చేయించాలి. ఇలాంటి నియమం మోషే పేర ఉన్న ధర్మశాస్త్రం కంటే ముందే ఉంది. క్రీస్తుకు పూర్వం పద్దెనిమిదో శతాబ్దంలో బాబిలోను రాజు హమ్మురాబి చెక్కించిన నల్లరాతి స్తంభం మీద, 206వ నియమంగా. తగాదాలో గాయపరచినవాడు కావాలని కొట్టలేదని ప్రమాణం చేసి వైద్యుడి ఖర్చు ఇచ్చుకోవాలని అది చెప్తుంది. ఇశ్రాయేలు కట్టడి ఆకాశం నుంచి ఊడిపడలేదని, ఆ చుట్టుపక్కల దేశాల న్యాయసంప్రదాయంలోంచే పెరిగిందని పండితులు చెప్పేది ఇలాంటి పోలికలు చూసే.

తేడా ఎక్కడంటే, అక్కడ చట్టం రాజు పేర వెలిసింది, ఇక్కడ దేవుడి పేర. బైబిలులో ఏ రాజూ ధర్మశాస్త్రం ఇవ్వలేదు. పైగా రాజు దాని ప్రతి ఒకటి దగ్గర పెట్టుకుని రోజూ చదవాలని ద్వితీయోపదేశకాండం అంటుంది. ఆ రాజూ కట్టడి కిందివాడే. క్రీస్తుకు పూర్వం 622 ప్రాంతంలో యోషీయా రాజు కాలంలో యెరూషలేము గుడి మరమ్మతుల్లో ఒక ధర్మశాస్త్ర గ్రంథం దొరికిందనీ, అది విని రాజు బట్టలు చింపుకున్నాడనీ రాజుల గ్రంథం చెప్తుంది. దొరికింది ద్వితీయోపదేశకాండపు తొలి రూపమే అయి ఉండాలని చాలామంది పరిశోధకుల అంచనా.

గుడి ముందు గాయాలకు విభూతి పూస్తున్నారు. సంప్రదాయంగా విభూతి ఆవుపేడను కాల్చి చేసే బూడిద. కొట్టిందీ పేడే, మాన్పేదీ పేడే. సంఖ్యాకాండం పందొమ్మిదో అధ్యాయంలో ఎర్రపెయ్యను చర్మం, మాంసం, రక్తం, పేడతో సహా కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి, శవాన్ని ముట్టినవారి మైల తీర్చడానికి చల్లమంటుంది. అందులో ఒక వింత ఉంది. మైల తీర్చే ఆ బూడిదను తయారుచేసినవాళ్లకే మైల వస్తుంది, అయితే సాయంత్రం దాకానే.

ఆ 'సాయంత్రం దాకా' అన్నమాట లేవీయకాండమంతా వినపడుతుంది. చచ్చిన పశువును ముట్టుకుంటే సాయంత్రం దాకా మైల. అంతే, పొద్దు గుంకితే తీరింది. మన దగ్గర చచ్చిన పశువును మోసి తోలు తీసినవాళ్లకు పుట్టుకతోనే మైల అంటగట్టారు, దానికి ఏ సాయంత్రమూ రాలేదు. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో అలా మైల అంటగట్టిన మాదిగ కుటుంబాలు కొన్ని, తాము ఇశ్రాయేలు ఎఫ్రాయిము గోత్రం వాళ్లమంటూ 1980ల చివర నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. శనివారం సబ్బాతు, నీసాను పున్నమికి పస్కా పండుగ. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ల మీద 2013లో ఒక పుస్తకమే రాశారు. వాళ్ల వంశం సంగతి చరిత్రకారులు తేల్చుకోవాలి. మైలకు గడువు పెట్టిన ధర్మశాస్త్రం వాళ్లకు దగ్గరగా తోచడంలో మాత్రం నాకు ఆశ్చర్యం కనపడలేదు.

రాత్రి ఆదోని వైపు వెళ్తుంటే నాకు తేలింది ఆ గడువు సంగతే. ఇశ్రాయేలు ధర్మశాస్త్రం చాలాచోట్ల చేసింది కాలానికి హద్దు గీయడం. పని ఆరురోజులు, ఏడోరోజు పశువుకూ పనివాడికీ విశ్రాంతి. హెబ్రీ దాసుడు ఏడో ఏట విడుదల. అప్పు ఏడో ఏట మాఫీ. అమ్ముకున్న పొలం యాభయ్యో ఏట తిరిగి ఇల్లు చేరాలి. కంటికి కన్ను అన్నది కూడా ఒక హద్దే, ఒక కన్నుకు పది కళ్లు తీయకూడదని. ఇవన్నీ అమలయ్యాయని కాదు. పొలాల సంగతి కాగితం మీదే ఎక్కువ ఉండిపోయిందని చరిత్రకారులు అంటారు. కానీ వారానికొకసారి, ఏడాదికొకసారి వచ్చే హద్దులను జనం వదల్లేదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము గుడిని కూల్చాక బలులు ఆగిపోయాయి, ఎర్రపెయ్య బూడిద లేదు, రాజు లేడు. శనివారం మాత్రం వస్తూనే ఉంది. పస్కా రాత్రి పిల్లలు ప్రశ్నలడగడం, పెద్దలు జవాబు చెప్పడం ఆగలేదు.

కైరుప్పలకు గ్రంథం లేదు. ఎవరు ముందు రావాలి, ఎప్పుడు మొదలవాలి, ఎంతసేపు కొట్టాలి, తర్వాత పగ ఎందుకు ఉండకూడదు అన్నవి మాత్రం పదేళ్ల పిల్లవాడూ చెప్తాడు. రక్తం కారే ఆచారాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. ఇదే జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరంలో గాయపడ్డవాళ్లను చూసినవారెవరూ ఆ పని చేయలేరు. పంచాంగం ఎక్కిన కట్టడి ఎంత గట్టిదంటే, మంచిదైనా చెడ్డదైనా అది అంత తేలిగ్గా పోదు. అందుకే పంచాంగంలోకి ఏది ఎక్కించాలన్నది ప్రతి తరమూ జాగ్రత్తగా చూసుకోవాలి. కోపానికి గడువు పెట్టినవాళ్లు ఆ పని బాగా చేశారు. మైలకు గడువు పెట్టనివాళ్ల బాకీ ఇంకా తీరలేదు.