ఆగిన చోటు

మా షాపు ఖాతా పుస్తకంలో ఆరు గడులుంటాయి. పుస్తకం నంబరు, పట్టుకెళ్ళినవారి పేరు, పట్టుకెళ్ళిన తేదీ, తిరిగిచ్చిన తేదీ, ముట్టిన అద్దె. ఈ అయిదూ ఏ అద్దె పుస్తకాల షాపులోనైనా ఉండేవే. ఆరోది నేను గీసుకున్నది. దానికి ‘ఆగిన చోటు’ అని పేరు పెట్టాను.

నర్సీపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్సుకి నడిచి వెళ్ళేంత దూరంలో 1983లో ఈ షాపు తెరిచాను. మూడొందల నవలలు, రెండు చెక్క బీరువాలు, రోజుకి అర్ధరూపాయి అద్దె. మొదటి ఏడాదిలోనే ఒక గుమాస్తాగారు రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి ‘అల్పజీవి’ పట్టుకెళ్ళారు. ఏ పుస్తకమైనా రెండు రోజుల్లో తెచ్చేసే మనిషి, దాన్ని మూడు వారాలు ఉంచుకున్నారు. తెచ్చిన రోజున అద్దె మొత్తం లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడిపోయారు. “బాగోలేదాండీ?” అన్నాను. “ఈ రాసినాయనకి నా సంగతులు ఎవరు చెప్పారంటారు?” అని అడిగారు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నవలలోని సుబ్బయ్య భయాలన్నీ తనవేనట. నవల సగానికి కాస్త ముందు ఒక పేజీ మూల మడిచి ఉంది. అక్కణ్ణించి ముందుకి వెళ్ళలేకపోయానన్నారు. ఆయన వెళ్ళాక ఆ పేజీ నంబరు ఖాతాలో రాసుకున్నాను. ఆ రాత్రి నేనూ ఆ పుస్తకం పట్టుకుని కూర్చుని, ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం కనపడి కాసేపు ఆగిపోయాను.

అప్పటి నుంచి పుస్తకం తిరిగి తెచ్చినవారిని “ఎలా ఉందండీ?” అని అడగడం మానేశాను. దానికి “బావుందండి” తప్ప జవాబు రాదు. “ఎక్కడ ఆగారు?” అని అడగడం మొదలుపెట్టాను. ఈ మాట అడిగితే మనిషి ముందు పుస్తకం వైపు చూస్తాడు, కాస్త ఆలోచించుకుంటాడు, అప్పుడు చెప్తాడు. ఒకరు ఏడుపొచ్చి ఆగుతారు. ఒకరు కోపమొచ్చి పుస్తకం విసిరేసి, మర్నాడు మళ్ళీ తీస్తారు. అయిపోతుందన్న బెంగతో చివరి పాతిక పేజీలూ దాచుకునేవారు కూడా ఉన్నారు. చదివినవాడి మనసు తెలుసుకోవాలంటే ఆగిన పేజీ తీసి చూడాలని నలభై ఏళ్ళుగా నమ్ముతున్నాను.

అడగకపోయినా పుస్తకమే చెప్పే సంగతులు కొన్నుంటాయి. కిరసనాయిలు దీపం మసి, పసుపు వేలిముద్ర, మడత పెట్టిన బస్సు టికెట్టు. సోమవారం తెల్లారగట్ల బస్సుకి చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు వైపు వెళ్ళే మాస్టర్లు ఆదివారం సాయంత్రమే వచ్చి, వారానికి సరిపడా నాలుగైదు నవలలు కట్ట కట్టించుకునేవారు. ఏజెన్సీ నుంచి తిరిగొచ్చిన పుస్తకాల్లో గుర్తుగా అడ్డాకు ముక్కలుండేవి. విస్తరి కుట్టే ఆకే, ఎండి పెళుసైపోయి ఉండేది. వాటిని నేనెప్పుడూ తీసి పారెయ్యలేదు.

కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’ అలా కొండెక్కి వచ్చిన పుస్తకమే. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన ముసలాయన కథ, ఒక్క రాత్రి కథ. దాన్ని తీసుకెళ్ళిన మాస్టారు తమ బడి కాపలా మనిషికి రాత్రిపూట చదివి వినిపించారట. అంతా విని ఆ పెద్దాయన అన్న మాట మాస్టారు నాకు చెప్పారు: “కత బాగుంది బాబూ, పేరే బాగోలేదు. అడివిని జయించడమేటి? అడివి ఉండనిస్తే ఉంటాం.” కిందటేడు వానాకాలంలో ఆ నవల మళ్ళీ చదివాను. పేరు విషయంలో ఆ పెద్దాయనతో నేను ఏకీభవించను. కానీ ముసలాయన ఈటె పట్టుకుని చీకట్లో ఒంటరిగా నిలబడే పేజీలు వచ్చినప్పుడల్లా నాకు ఆ గొంతే వినిపించింది.

యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ అయిదు ప్రతులు అరిగిపోయాయి. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళు వారం వారం కత్తిరించి, కుట్టి, మైదా జిగురులో మైలతుత్తం కలిపి కాలికో గుడ్డతో నేనే బైండు చేసేవాణ్ణి. తుత్తం వెయ్యకపోతే పురుగు పట్టేస్తుంది. ‘తులసిదళం’ పట్టుకెళ్ళిన ఒక అమ్మగారు భయమేసి రాత్రి ఇంట్లో ఉంచుకోలేక, పక్కింటివాళ్ళకిచ్చి పొద్దున్నే తెచ్చుకుని చదివారు.

‘కాలాతీత వ్యక్తులు’ గురించి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. రాసిన డాక్టర్ పి. శ్రీదేవిగారిది మన అనకాపల్లే. 1929లో పుట్టి, 1961లో ముప్పై రెండేళ్ళు నిండకుండానే పోయారు. ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిన నవల. 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకి ఇదే ఆధారం. విశాఖపట్నంలో ఒక ఇల్లు, మెడిసిన్ చదివే ప్రకాశం, ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఇందిర, ఆమెతో ఉండడానికి వచ్చిన కల్యాణి. ఇందిర తనకి కావలసింది కావాలని అడుగుతుంది, దాపరికం ఉండదు.

మా షాపు ప్రతిలో ఇందిర మాట్లాడే ఒక పేజీ అంచున నీలం సిరాతో ఎవరో “దీనికి సిగ్గు లేదు” అని రాశారు. పుస్తకాల మీద రాతలంటే నాకు అప్పట్లో మహా కోపం. రబ్బరుతో రుద్దాను, సిరా పోలేదు. ఆరు నెలలకి దాని కిందే ఇంకో చేతిరాత: “మగాడైతే ఈ మాట అనేవారా?” మరి కొన్నాళ్ళకి పెన్సిలుతో: “ప్రకాశాన్ని ఒక్కరూ ఏమీ అనరేం?” ఆ తర్వాత ఎర్ర సిరా, ఆ తర్వాత జెల్ పెన్ను. ఒకరినొకరు ఎన్నడూ చూసుకోని మనుషులు పాతికేళ్ళపాటు ఆ అంచు మీద పోట్లాడుకున్నారు. పుస్తకం రెండోసారి బైండు చేసినప్పుడు ఆ పేజీ పక్కన ఒక తెల్ల కాగితం కలిపి కుట్టాను, చోటు చాలదని.

పెళ్ళయిన కొత్తలో ఆ నవల పట్టుకెళ్ళిన ఒకావిడ “ఇందిరంటే ఒళ్ళు మంటండీ” అని తిరిగిచ్చారు. కల్యాణి కష్టాల దగ్గర ఆగి ఏడ్చానన్నారు. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాక మళ్ళీ అదే పుస్తకం అడిగారు. వారం తర్వాత వస్తే నా ప్రశ్న నేనడిగాను. “ఈసారి ఇందిర దగ్గర ఆగానండీ. ఇంటిల్లిపాదీ ఆ పిల్ల జీతం మీద బతుకుతారు. అలిసిపోయావా అమ్మా అని ఒక్కరూ అడగరు” అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నేను ఖాతా వైపు తిరిగాను. రెండు తేదీలూ, రెండు పేజీ నంబర్లూ నా దగ్గర ఉన్నాయి. ఆ రెండింటి మధ్యా ఒక ఆడమనిషి ఉద్యోగజీవితం మొత్తం ఉంది.

మా షాపులోకి వచ్చిన మొదటి జపాను పుస్తకం ‘రైలుబడి’. తెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో అచ్చువేసిన ‘తొత్తొచాన్’కి తెలుగు. రైలుపెట్టెల్లో తరగతులు, పిల్లల మాట గంటల తరబడి వినే హెడ్మాస్టరు కొబయాషిగారు. దాన్ని ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాల టీచరమ్మ పట్టుకెళ్ళి రోజుకో అధ్యాయం పిల్లలకి చదివారు. పోలియో వచ్చిన యాసుఆకిచాన్‌ని తొత్తొచాన్ చెట్టెక్కించే చోట పిల్లలు చప్పట్లు కొట్టి, మూడు రోజులు అదే చదివించుకున్నారట. తర్వాత ఆ అబ్బాయి చనిపోతాడు. చివర్లో 1945 బాంబుదాడుల్లో బడే కాలిపోతుంది. “ఆ బడి ఇప్పటికీ ఉందా మేడం? మనం వెళ్ళొచ్చా?” అని పిల్లలు అప్పటికే అడుగుతున్నారట. ఆవిడ ఆఖరి అధ్యాయం ముందు పుస్తకం మూసేసి, రెండు రోజులు ఏదో వంక చెప్పి, మూడో రోజు చదివారు. ఆరో గడిలో ఆవిడ చేతే రాయించాను: చివరి అధ్యాయానికి ముందు, రెండు రోజులు.

1995లో టీవీలో కొత్త చానళ్ళు వచ్చాక షాపు పలచబడింది, ఫోన్లు వచ్చాక మరీను. ఇప్పుడు వచ్చేది రోజుకి ఇద్దరో ముగ్గురో. సెలవులకి వచ్చినప్పుడు అందులో ఒకరు వైజాగ్‌లో ఇంజనీరింగు చదివే మా మనవరాలు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగు మాటలతో విడుదలైనప్పుడు స్నేహితులతో వెళ్ళి చూసొచ్చి, రాత్రంతా నాకు కథ చెప్పింది. చెడ్డవాడు చచ్చిపోయే ముందు వాడి చిన్నప్పటి కథ చూపిస్తారట, అక్కడ తను ఏడ్చిందట. “అయితే అక్కడ ఆగావన్నమాట” అన్నాను. “సినిమా ఆగదు కదా తాతా. పుస్తకమైతే ఆగొచ్చు” అని, సంక్రాంతి సెలవులకి వస్తూ సంచీ నిండా మాంగాలు తెచ్చింది.

మాంగా అంటే జపాను బొమ్మల నవల. మామూలుగా వెన్ను కుడివైపున ఉంటుంది, కుడి నుంచి ఎడమకి చదవాలి. తెచ్చినవి ఇంగ్లీషులో ఉన్నవి. ఇంగ్లీషు నేను కూడబలుక్కుని చదువుతాను, రానిచోట మనవరాలు పక్కన కూర్చుని తెలుగులో చెప్పింది. మొదట ఒసాము తెజుకా ‘బుద్ధ’ తీశాం. 1972 నుంచి 1983 దాకా గీసింది, ఇంగ్లీషులో ఎనిమిది భాగాలు. మొదట్లోనే మంచులో పడిపోయిన ముసలాయన, ఆయన కోసం ఎలుగుబంటి చేపలు తెస్తుంది, నక్క పళ్ళు తెస్తుంది. కుందేలుకి ఏమీ దొరకదు. నిప్పు రాజెయ్యమని సైగ చేసి, అందులోకి తనే దూకుతుంది. జాతక కథలు ‘చందమామ’లో చదువుకుని పెరిగినవాణ్ణి, ఏం జరుగుతుందో తెలుసు. తెలిసి కూడా ఆగిపోయాను, ఎందుకంటే అక్కడ అక్షరం లేదు. నవలలో మాటల మధ్య మౌనం మనం కల్పించుకోవాలి. ఇక్కడ గీసినవాడే ఆ మౌనాన్ని పేజీ మీద పరిచి పెట్టాడు. చూపు ముందుకి జారిపోదామన్నా జారదు.

తర్వాత ‘ఎ సైలెంట్ వాయిస్’. జపాను పేరుకి అర్థం స్వరానికి ఆకారం అని. యోషితోకి ఓయిమా గీసింది. మన సీరియళ్ళలాగే వారపత్రికలో 2013, 2014లలో వచ్చి, ఏడు భాగాల పుస్తకమైంది. నిషిమియా అనే చెవులు వినపడని అమ్మాయి కొత్తగా బడిలో చేరుతుంది. మాట్లాడవలసింది నోటుపుస్తకంలో రాయమంటుంది. ఇషిదా అనే అబ్బాయి ఆమెని ఏడిపిస్తాడు, తరగతంతా నవ్వుతుంది. ఒకరోజు ఆమె చెవిలోని వినికిడి యంత్రం లాగేస్తాడు, చెవి వెంట రక్తం వస్తుంది.

నేను అక్కడ పుస్తకం మూసేశాను. మనవరాలు “ఏమైంది తాతా?” అంది. టీ తాగుదామని లేచాను.

ఎనిమిదో తరగతిలో మాతో ఒక అబ్బాయి ఉండేవాడు. వాడి పేరు ఇక్కడ రాయను. మాట తడబడేది. మాస్టారు పాఠం చదవమన్నప్పుడు వాడు ఏ అక్షరం దగ్గర ఆగిపోతే నేను వెనక నుంచి ఆ అక్షరమే పదిసార్లు అనేవాణ్ణి. తరగతంతా నవ్వేది. కొన్నాళ్ళకి మాస్టారు వాణ్ణి అడగడం మానేశారు, వాడు చదవడం మానేశాడు. షాపు పెట్టాక వాడు నా దగ్గరికి పుస్తకాలకి వచ్చేవాడు. వరాహనది వైపు, బలిఘట్టంలో ఇల్లు. నోరు విప్పేవాడు కాదు. “ఎక్కడ ఆగావురా?” అని అందర్నీ అడిగినట్టే వాణ్ణీ అడిగేవాణ్ణి. వాడు పుస్తకం తెరిచి, పేజీ మీద వేలు పెట్టి చూపించేవాడు. నేను నంబరు రాసుకునేవాణ్ణి. నా ఉద్యోగధర్మం బాగా చేస్తున్నాననుకున్నాను. ఒక్కసారి కూడా ఆ ఎనిమిదో తరగతి మాట ఎత్తలేదు, తప్పయిపోయిందిరా అనలేదు.

మర్నాడు మిగిలిన భాగాలన్నీ చదివాను. ఇషిదా పెద్దవాడై సైగల భాష నేర్చుకుని, ఆ నోటుపుస్తకం తీసుకుని నిషిమియాని వెతుక్కుంటూ వెళ్తాడు. ఎవరి ముఖంలోకీ చూడలేని అతనికి చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాల మీద పెద్ద ఇంటూ గుర్తులు కనపడతాయి. ఒక్కొక్కటే ఊడి పడుతుంటాయి. ఇషిదాని నేను క్షమించలేదు, నిషిమియా అంత తొందరగా నవ్వడం నాకు నచ్చనూ లేదు. కానీ అతను వెళ్ళాడు. వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. నాకు ఆ పని చెయ్యడానికి పదిహేనేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ అవకాశం నా బల్ల దగ్గరికే వచ్చింది.

అటక మీద పాత ఖాతాలు దింపాను. వాడి పేరు మీద నూట పన్నెండు పద్దులున్నాయి. బలిఘట్టం వెళ్ళి అడిగితే ఇల్లు అమ్మేసి వెళ్ళిపోయి చాలా కాలమైందన్నారు, ఎక్కడికో ఎవరికీ తెలీదు. ఆ పద్దుల్లో ఇప్పటికీ మా బీరువాలో ఉన్న పుస్తకాలు ముప్పై ఒకటి. వాడు వేలు పెట్టి చూపించిన పేజీలు ఒక్కొక్కటే తీసి చదువుతున్నాను. పద్నాలుగు అయ్యాయి.

మనవరాలు ‘ఎ సైలెంట్ వాయిస్’ ఏడు భాగాలూ షాపుకే వదిలేసి వెళ్ళింది. అట్టలు వేశాను, కుడి నుంచి ఎడమకి చదవాలని లోపల తెలుగులో రాసి అంటించాను. అద్దె లేదు. ఖాతాలో మొదటి పద్దు నా పేరు మీదే ఉంది, ఆరో గడిలో ఒకటో భాగం, వినికిడి యంత్రం పేజీ.