అలాస్కా రోడ్డుకి మా సన్నాహాలు

ఉగాది భోజనాల దగ్గర మా ప్రయాణం సంగతి బయటపడిపోయింది. పులిహోర వడ్డిస్తున్న ఒక పెద్దావిడ గరిటె అలాగే గాలిలో ఆపి, "మోటారు సైకిలు మీదా? డాక్టరువి, నీకిదేం పొయ్యేకాలమమ్మా?" అన్నారు. ఆ రోజు నుంచి ఫోను మీద ఫోను. కొందరు తిట్టటానికి, కొందరు నిజమేనా అని కనుక్కోవటానికి, ఇద్దరు మాత్రం తామూ వస్తామని. అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక, సంపాదకులు ఎప్పటి నుంచో అడుగుతున్న రెండు పేజీలను ఇందుకు వాడుకుంటున్నాము. మన్నించాలి.

మేమంటే మేమిద్దరం. ఒకరం గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడ మళ్ళీ పరీక్షలన్నీ రాసి, ఉత్తర బ్రిటిష్ కొలంబియాలో ఒక చిన్న ఊళ్ళో ఫ్యామిలీ డాక్టరుగా, ఎమర్జెన్సీ డ్యూటీలతో సహా, ఒప్పందం కాలం పూర్తి చేస్తున్నాము. రెండో ఆయన ఇంజనీరు. రోడ్లన్నా, వంతెనలన్నా అన్నం మానేసి వింటారు. ఒప్పందం ఈ వేసవితో అయిపోతుంది. ఆ తరువాత బహుశా దక్షిణానికి, జనం ఉన్న చోటికి వెళ్ళిపోతాము. వెళ్ళే ముందు మన పక్కనే ఉన్న ఆ రోడ్డు చివరిదాకా వెళ్ళి రావాలని సంకల్పం.

రోడ్డు సంగతి తెలియని వారి కోసం నాలుగు ముక్కలు. అలాస్కా హైవేకి మైలు సున్నా డాసన్ క్రీక్ ఊళ్ళో ఉంది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరగగానే, అలాస్కాకి సముద్రం మీద తప్ప దారి లేదన్న సంగతి అమెరికా వారికి హఠాత్తుగా గుర్తొచ్చింది. 1942 మార్చిలో పని మొదలుపెట్టి, అడవిలోంచీ, బురదలోంచీ, మంచులోంచీ ఎనిమిది నెలలు తిరక్కుండా దాదాపు 2,700 కిలోమీటర్ల మట్టిదారి వేశారు. 1946లో కెనడా భాగాన్ని కెనడాకి అప్పగించారు. మామూలు జనాన్ని రానిచ్చింది 1948లో. తరువాత వంపులన్నీ తీసేసి సరిచేస్తూ రావటంతో ఇప్పుడు డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా 2,200 కిలోమీటర్ల పైచిలుకే ఉంది. అయినా ఆ దారిలో ఎవరినైనా అడగండి, పాత మైళ్ళలోనే చెబుతారు. ఫోర్ట్ నెల్సన్ మైలు 300, వాట్సన్ లేక్ మైలు 635, వైట్‌హార్స్ మైలు 918. రోడ్డు కురచనైంది, మైలురాయి మాత్రం కదల్లేదు. మా ఊళ్ళో చెరువు పూడిపోయి ఎన్నేళ్ళయినా బస్సువాళ్ళు "చెరువుకట్ట" స్టాపనే అరిచినట్టు.

రోడ్డు వేసిన పదివేల పైచిలుకు సైనికుల్లో దాదాపు మూడోవంతు నల్లవారు. దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఎందరో. అప్పటి అమెరికా సైన్యంలో వాళ్ళ పటాలాలు వేరు. మంచు ఎరగని మనుషులు గుడారాల్లో, సున్నాకి దిగువన నలభై డిగ్రీల్లో గొడ్డలి పట్టారు. 1942 అక్టోబరు 25న బీవర్ క్రీక్ దగ్గర ఇటునుంచీ అటునుంచీ వచ్చిన బుల్‌డోజర్లు కలుసుకున్నాయి. ఒకదాని మీద రిఫైన్స్ సిమ్స్ అనే నల్ల కార్పొరల్, రెండోదాని మీద ఆల్‌ఫ్రెడ్ జలుఫ్కా అనే తెల్ల సిపాయి. వాళ్ళు చేతులు కలిపిన ఫోటో ప్రసిద్ధం.

ఇంజనీరు గారికి ఇందులో ఇష్టమైన ఘట్టం వేరే ఉంది. అక్కడి నేల అడుగున ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. పైనున్న నాచుపొరే దానికి దుప్పటి. మొదట్లో సైనికులు అలవాటు కొద్దీ నాచంతా గీకేసి చదును చేశారు. దుప్పటి తీసేసరికి ఎండకి లోపలి మంచు కరిగి రోడ్డు జావ అయిపోయింది. అప్పుడు బుద్ధి తెచ్చుకుని, నాచుని ముట్టుకోకుండా దానిమీదే దుంగలు పరిచి, పైన మట్టి పోశారు. ఇప్పటికీ డిస్ట్రక్షన్ బే నుంచి బీవర్ క్రీక్ దాకా రోడ్డు అలలు అలలుగా లేస్తూనే ఉంటుంది. కారులో వెళ్ళేవారికి ఉయ్యాల. రెండు చక్రాల మీద వెళ్ళేవారికి ఏమిటో చూడాలి.

డాక్టరుని ఆపేసిన ఘట్టం మరొకటి. టెస్లిన్ అనే ఊళ్ళో ట్లింగిట్ జాతివారు ఉండేవారు, ఇప్పుడూ ఉన్నారు. రోడ్డుతో పాటు వారికి జబ్బులూ వచ్చాయి. ఏడాది తిరక్కుండానే తట్టు, విరేచనాలు, కామెర్లు, కోరింత దగ్గు, గవదలు, మెదడు పొరల వాపు, ఒకదాని వెంట ఒకటి. అక్కడ వైద్యం చేసిన మార్చండ్ అనే డాక్టరు ఆ సంగతి 1943లో అమెరికా వైద్యసంఘం పత్రికలో రాశాడు. ఒక పెళ్ళి పట్టికలా వరసగా వేసిన ఆ జబ్బుల పేర్లు చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మనం సరదాగా తిరగబోతున్న దారి వాళ్ళ ఇళ్ళలోకి ఎలా వెళ్ళిందో తెలుసుకుని మరీ వెళ్ళటం మంచిదే అనుకున్నాము.

ఇక అసలు సంగతి. ఈ ఆలోచన మాది కాదు, మా నాన్నగారిది.

నాన్న ప్రకాశం జిల్లాలో పశువుల డాక్టరు. ఒంగోలు గిత్తల సీమలో పశువుల డాక్టరంటే మనుషుల డాక్టరు కంటే ఎక్కువ మర్యాద. ఎన్‌ఫీల్డు బుల్లెట్టు మీద ఊరూరూ తిరిగేవారు. చిన్నప్పుడు పెట్రోలు టాంకు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. ఎండకి టాంకు కాలుతుందని కింద తడి తువ్వాలు పరిచేవారు. 2019లో మాకు ఉత్తరాన రెసిడెన్సీ సీటు వచ్చిందని చెప్పినప్పుడు సంతోషించి, వెంటనే పటం తీసి చూసుకున్నారట. మర్నాడు ఫోనులో మొదటి మాట: "అమ్మాయ్, మీ పక్కన అలాస్కాకి రోడ్డుంది చూశావా? నేను రిటైరయ్యాక వస్తా. అల్లుడుగారినీ, నన్నూ చెరొక బండి ఎక్కించు, చాలు." రిటైరయ్యారు. విజిటర్ వీసాకి కాగితాలు పెట్టేలోపు 2020 వచ్చింది. 2021 మేలో కరోనా రెండో విడతలో పోయారు. అప్పటికి ఇండియా నుంచి ఇక్కడికి విమానాలు ఆపేశారు. వెళితే తిరిగి ఎప్పుడు రాగలమో తెలియదు, ఇక్కడ వార్డు నిండా రోగులు. వెళ్ళలేదు. ఫోనులో చూశాము. ఆ విషయం ఇంతకన్నా రాయలేము.

ఇది చదివాక "అదా సంగతి, అయితే వెళ్ళి రండి" అని మెత్తబడే వారికి రెండో వైపు కూడా చెప్పాలి. రెండేళ్ళ క్రితం వేసవిలో ధైర్యం చేసి రెండు సెకండ్ హ్యాండ్ బండ్లు కొన్నాము. ఆయనకి రాయల్ ఎన్‌ఫీల్డు హిమాలయన్, మాలో డాక్టరుకి హోండా. మొదట వెనక సీటే అనుకున్నాము. కానీ ఎమర్జెన్సీలో పనిచేసే వాళ్ళకి బ్రేకు ఇంకొకరి చేతిలో ఉంటే నిద్ర పట్టదు. క్లాస్ 6 లైసెన్సు కోసం, పార్కింగు స్థలంలో నారింజ రంగు శంకువుల మధ్య, పదహారేళ్ళ పిల్లలతో కలిసి నేర్చుకున్నాము. అందరికంటే ఎక్కువ శంకువులు పడగొట్టినది ఎవరో చెప్పక్కర్లేదు.

బండి కొన్న నెలలోపే ఒక రాత్రి డ్యూటీలో ఒక కుర్రవాణ్ణి తెచ్చారు. కంకర మీద జారాడు. హెల్మెట్ ఉంది కనుక బతికాడు, మామూలు జీన్సు ప్యాంటుతో ఉన్నాడు కనుక చర్మం లేదు. మా వృత్తిలో మోటారు సైకిలుకి ఒక దొంగ పేరుంది, అవయవదానం బండి అని. ఇంతకుముందు మేమూ ఆ పేరు చెప్పి నవ్వినవాళ్ళమే. ఆ రాత్రి గాయంలోంచి రాళ్ళు ఒక్కొక్కటే తీస్తూ లెక్కపెట్టాము, ఎందుకో. తెల్లవారి ఇంటికొచ్చి హోండా మీద టార్పాలిన్ కప్పేశాము. అది తొమ్మిది నెలలు అలాగే ఉంది. ఇంజనీరు గారు ఒక్క మాట అనలేదు. అప్పుడప్పుడూ వెళ్ళి బ్యాటరీ మాత్రం ఛార్జి చేసేవారు.

టార్పాలిన్ తీసిన రోజు ఏమీ జరగలేదు. ధైర్యం వచ్చిందనీ చెప్పలేము. భయం ఉంటేనే తోలాలి అని ఒక ఒప్పందానికి వచ్చాము. రోజుకి 350 కిలోమీటర్లు దాటకూడదు. వాన పడితే ఆగాలి. సాయంత్రం ఆరు తరువాత బండి ఎక్కకూడదు, జూన్‌లో అక్కడ అర్ధరాత్రికి కూడా వెలుగుంటుంది కనుక ఇది చీకటి గురించి కాదు, అలసట గురించి. తల నుంచి కాలి దాకా దళసరి దుస్తులు, ఎండైనా సరే. ఇద్దరిలో ఎవరు "ఇక చాలు" అన్నా, రెండో వారు కారణం అడక్కుండా తిరిగి రావాలి. వీలునామాలు రాసి సంతకాలు చేశాము. అవయవదానానికి పేర్లూ నమోదు చేయించాము, జోకు మా మీదే ఉండనీ అని.

మిగిలిన సరంజామా: చక్రం పంక్చరు సామాను, ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న పరికరం (ఫోర్ట్ నెల్సన్ దాటాక చాలా దూరం సెల్ ఫోను పనిచెయ్యదు), దోమతెర, విడి పెట్రోలు డబ్బా. హిమాలయన్ టాంకు 15 లీటర్లు, లెక్క ప్రకారం చాలు. కానీ బంకు మూసి ఉంటే లెక్క వినదు. లియార్డు వేడినీటి బుగ్గల దగ్గర ఒక రోజు విశ్రాంతి. ఆ చుట్టుపక్కల రోడ్డు మీదే అడవిదున్నలు పడుకుంటాయి, హారను కొడితే లేవవు. మన ఊళ్ళో గేదెలతో అనుభవం ఉన్నవారికి ఇది కొత్త కాదు. క్యాంపుల్లో తిండి సామానంతా ఇనప పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి, ఎలుగుబంట్లు వాసన పడతాయి. ఆవకాయ జాడీ తీసుకెళ్ళవచ్చునా అన్న విషయం మీద మా ఇంట్లో రెండు వారాలుగా చర్చ. మా పార్కు రేంజరు స్నేహితుడికి వాసన చూపించాము. ఎలుగు సంగతి ఎలా ఉన్నా, ఆయన వెనక్కి జరిగాడు.

ఒక చిక్కు మిగిలింది. మాలో ఒకరికి కెనడా పౌరసత్వం వచ్చింది. ఆయనది ఇంకా ఇండియా పాస్‌పోర్టే, అలాస్కాకి అమెరికా వీసా కావాలి. ఇంటర్వ్యూకి తేదీ దొరకలేదు. దొరక్కపోతే బీవర్ క్రీక్ దగ్గర, బుల్‌డోజర్లు కలిసిన చోట, టీ తాగి వెనక్కి తిరుగుతాము. ఒక్కరే సరిహద్దు దాటే ప్రసక్తి లేదు. నాన్న అన్నది "చెరొక బండి" అని.

వాట్సన్ లేక్‌లో బోర్డుల అడవి ఒకటుంది. 1942లో కార్ల్ లిండ్లీ అనే సిపాయి ఇంటి మీద బెంగతో, ఇల్లినాయ్‌లోని తన ఊరి పేరు, దూరం రాసి ఒక బోర్డు పాతాడు. తరువాత వచ్చిన వాళ్ళందరూ తమ ఊళ్ళవి పాతుతూ పోయారు, ఇప్పుడు వేల సంఖ్యలో ఉన్నాయి. నాన్న బుల్లెట్టు నంబరు ప్లేటు అక్కడ పెడదామని అమ్మని అడిగాము. బండి ఇప్పటికీ వసారాలోనే ఉంది.

అమ్మ ఒప్పుకోలేదు. "ఆ ప్లేటు తీస్తే అది ఎవరి బండో తెలీదే. పరాయి అడవిలో మేకు కొట్టటానికా?" అంది. పది రోజులు ఆ మాట ఎత్తలేదు. తరువాత తనే ఫోను చేసి, ఊరి పేరుతో బోర్డు రాయిస్తున్నాననీ, పెయింటరు దూరం ఎంత వెయ్యాలని అడుగుతున్నాడనీ చెప్పింది. రోడ్డు దూరమా, కాకి దూరమా అని మేము తర్జనభర్జన పడి, ఉత్తర ధ్రువం వైపుగా గీత గీసి లెక్క కట్టి, సుమారు 11,200 కిలోమీటర్లు అని చెప్పాము.

బోర్డు క్రిందటి వారం కొరియరులో వచ్చింది. పచ్చ రంగు రేకు, తెల్ల అక్షరాలు. చీమకుర్తి, 11,200 కి.మీ. దాని కింద, మేము చెప్పకపోయినా, చిన్న అక్షరాలతో "పశువుల ఆసుపత్రి ఎదురుగా" అని ఉంది. ఎవరైనా వస్తే ఇల్లు వెతుక్కోకూడదని రాయించిందట.

రేకు దళసరిది. సామాను బరువు సరిపెట్టాలంటే చిన్న కుక్కరు దించెయ్యక తప్పదు. జూన్ నెలాఖరు దాకా ఎవరికైనా అవసరమైతే వచ్చి పట్టుకెళ్ళవచ్చును.