కేకు వద్దు, గురువారాలు కావాలి

జనవరి వచ్చిందంటే ఆ వార్డుకు ఫోన్లు ఎక్కువవుతాయి. “పిల్లలతో బొమ్మలు వేయిస్తాం మేడమ్, రంగులూ కాగితాలూ అన్నీ మావే.” హైదరాబాద్‌లో పిల్లల రక్త క్యాన్సర్లకు వైద్యం చేసే ఆ డాక్టరమ్మ పేరు కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: “ఎన్ని వారాలు?” అవతల కాసేపు మాట ఉండదు. వాళ్ళు అనుకున్నది ఒక్క శనివారం. కేకు, అట్ట టోపీలు, కంపెనీ పేరున్న బ్యానరు, బోడిగుండు పిల్లల మధ్య నవ్వుతూ ఒక గ్రూపు ఫొటో. వచ్చే నెల ఇంకో కంపెనీ.

వచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళని ఆమె అనదు. ఆ పూటకు పిల్లలు సంతోషిస్తారనీ ఒప్పుకుంటుంది. అయినా మొహం ముడుచుకుంటుంది. మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్ళతో ఓపీలో రోజూ పడే గొడవ చాలదా అని.

పాలమూరు వైపు నుంచి వచ్చిన ఆరేళ్ళ పిల్లాడి సంగతే చూడండి. వాడికి అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. మొదటి నెల మందులకే జ్వరం పోయింది, ఒంటిమీద మచ్చలు మాయమయ్యాయి, ఎముక మూలుగ పరీక్షలో క్యాన్సర్ కణాలు కనపడలేదు. ఆ తర్వాత కొన్ని నెలలు గట్టి మందులు పడ్డాయి. చివరికి ఇంటి దగ్గరే మాత్రలు వేసుకునే దశ వచ్చింది. జుట్టు మొలిచింది. బడికి పోయాడు. మాత్రలు ఆగిపోయాయి. మళ్ళీ తీసుకొచ్చేసరికి జబ్బు తిరగబెట్టి ఉంది. “వెంట్రుకలు గూడ వచ్చినయి గద మేడమ్, మంచిగనే ఆడుకుంటుండె” అన్నాడు తండ్రి. ఆ మాట ఆమె ఎన్ని నోళ్ళ నుంచి విన్నదో! జుట్టు మొలిస్తే చాలు, ఇక ఏ రిపోర్టూ అక్కర్లేదు వాళ్ళకు.

రైతుకు రైతు మాటల్లోనే చెబుతుందామె. “తుంగను పైపైన కోస్తే పోతదా? గడ్డలు లోపల లేవూ?” మైక్రోస్కోపులో కనపడనంత మాత్రాన కణాలు లేనట్టు కాదు, ఇంకా కోట్ల కొద్దీ మిగిలి ఉండొచ్చు. అందుకే మొత్తం వైద్యం రెండు నుంచి మూడేళ్ళు. అందులో ఎక్కువ భాగం రోజూ మెర్‌కాప్టోప్యూరిన్, వారానికొకసారి మెథోట్రెక్సేట్ మాత్రలు. ఒకటీ అరా మానితే ఏమవుతుందిలే అనే చదువుకున్న తండ్రులకు 2012లో అచ్చయిన అమెరికా అధ్యయనం గురించి చెబుతుంది. వేయాల్సిన మెర్‌కాప్టోప్యూరిన్‌లో 95 శాతం కంటే తక్కువ పడ్డ పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు బాగా పెరిగింది. అంటే నెలలో రెండు రోజులు మరిచిపోతే చాలు, ఆ గీత దాటినట్టే.

ఈ మెథోట్రెక్సేట్ మనకు పరాయి మందు కూడా కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల్లోంచే ఇదీ, దీనికంటే ముందు వాడిన అమినోప్టెరిన్ కూడా వచ్చాయి. 1948లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ వెల్లడించిన ఫలితాల ప్రకారం, అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది లుకేమియా పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ మేలు నిలవలేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు. ఆనాటి పిల్లలకు మందు చాలక తిరగబెట్టింది. ఈ పిల్లాడికి ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా ఇచ్చిన మందు ఇంట్లో గూట్లో ఉండగా తిరగబెట్టింది. ఇక్కడికి వచ్చేసరికి డాక్టరమ్మ గొంతు వరండా దాకా వినిపిస్తుంది.

బస్సు కిరాయి, పోయిన కూలి, ఇంటి దగ్గర వదిలొచ్చిన చంటిది... ఇవన్నీ తెలియక కాదు. తెలిసే తిడుతుంది. తిట్టి, దారి ఖర్చులు చేతిలో పెట్టి పంపుతుంది.

ఇక గురువారాలు. ఆ రోజుల్లో బొమ్మలు వేయించడానికి వచ్చిన, డిగ్రీ చదివే ఒక అమ్మాయి “ఎన్ని వారాలు?” అన్న ప్రశ్నకు “పరీక్షలప్పుడు తప్ప అన్నీ” అంది. బొమ్మలు గొప్పగా వేయదు, ఆ అవసరమూ లేదు. ముందు షరతులు విన్నది. జలుబు చేస్తే రావద్దు. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే అసలే రావద్దు, తెల్లకణాలు పడిపోయిన పిల్లలకు అది ప్రాణాంతకం. బంకమట్టి, పచ్చి పూలు వద్దు, వాటిలో బూజు ఉంటుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళకు మొన కత్తెర వద్దు. క్రేయాన్లు ఒక్కొక్కటీ తుడవాలి. ఇవన్నీ తేలిగ్గానే ఒప్పుకుంది. కష్టమనిపించింది ఆఖరిది: పిల్లల చేయి పట్టుకుని దిద్దించకూడదు. సూది గుచ్చేవాళ్ళు ఎలాగూ రోజూ చేయి పట్టుకుంటారు, ఈ గంటైనా ఆ చేయి వాళ్ళది కానీ అంటుంది డాక్టరమ్మ.

చేయి పట్టుకోకపోవడంలో ఇంకో ప్రయోజనం కూడా ఉంది. అంచు దాటకుండా రంగులు నింపే ఒక పాప కొన్ని వారాలకు క్రేయాను జారవిడుస్తోంది, గీతలు వణుకుతున్నాయి. అమ్మాయి వచ్చి చెప్పింది. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు నరాలను దెబ్బతీస్తే వేళ్ళలో పట్టు తగ్గుతుంది, పాదాలు పైకి లేవక వేలాడతాయి. పరీక్ష చేశారు, డోసు సవరించారు, ఫిజియోథెరపీ మొదలైంది. వారం వారం చూసిన కళ్ళు కాబట్టి తేడా పట్టాయి. ఒక్క శనివారం వచ్చిపోయేవాళ్ళకు ఆ పాప బొమ్మలు వేయడం చేతకాని పిల్ల, అంతే. (విన్‌క్రిస్టిన్ తీసేది బిళ్ళ గన్నేరు నుంచే. “మా వాకిట్లనే ఉంది గద చెట్టు” అని ఆకు రసానికి సిద్ధమయ్యే తల్లులకో మాట: ఈ మందు ఒక డోసు రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఆకు దంచి దాన్ని కొలవగలరా?)

స్టెరాయిడ్లు వాడుతున్న పిల్లలకు విపరీతంగా వేసే ఆకలి గురించి తల్లులకు చెప్పడం కూడా బొమ్మలతో సులువైంది. ‘మా ఊరి చెరువు’ వేయమంటే, ఒకడు చెరువు గట్టు మీద బిర్యానీ హండీ వేశాడు. చెరువు కంటే హండీయే పెద్దది.

గ్రూపు ఫొటోల వాళ్ళు మంచి బొమ్మలు ఏరుకుని ఆఫీసు గోడకు పట్టుకుపోతారు, కింద పిల్లల పేరుండదు. అది చూసినప్పుడల్లా డాక్టరమ్మ ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్ ప్రస్తావన తెస్తుంది. బౌహౌస్‌లో చదివిన ఈ చిత్రకారిణిని 1942లో నాజీలు టెరెజిన్ గెట్టోలో పడేశారు. అక్కడ ఆమె పిల్లలతో బొమ్మలు వేయించింది, ప్రతి బొమ్మ మీదా ఎవరి పేరు వాళ్ళు రాయాలంది. 1944 అక్టోబరులో ఆమెను ఔష్విట్జ్‌కు తరలించి చంపేశారు. ఆ పిల్లల్లో చాలామందీ బతకలేదు. రెండు సూట్‌కేసుల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి, ఇప్పుడవి ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో పేర్లతో సహా ఉన్నాయి. అందుకే ఈ వార్డులో పేరు లేని కాగితం గోడెక్కదు, పిల్లలు ఇవ్వనిదే గడప దాటదు.

గురువారం అమ్మాయే మాత్రల రైలు కూడా తయారు చేసింది. నెలకు సరిపడా పెట్టెలు. రాత్రి మాత్ర వేసుకున్నాక పిల్లాడు ఒక పెట్టెకు రంగు వేయాలి. మెథోట్రెక్సేట్ రోజుకు నక్షత్రం గుర్తు, ఎందుకంటే ఆ వారపు మాత్ర పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఒక నాయనమ్మ మనవడితో వచ్చింది. రైలు నిండా రంగు, మొదటి పెట్టె నుంచి చివరి దాకా ఒకే ఆకుపచ్చ. రక్తపరీక్షలో తెల్లకణాలు తొమ్మిది వేలు. “రక్తం మంచిగుందంట గద” అని ఆమె సంబరం. మాత్రలు సరిగ్గా పడుతుంటే ఈ దశలో తెల్లకణాలు అంతకంటే బాగా తక్కువ ఉండాలి. అంత మంచి రక్తం చూస్తే డాక్టరమ్మకు గుబులు. నాయనమ్మ గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ మైనం కనపడింది.

“బస్సుల జడ్చర్ల దాటినంక రంగు వేసినవా అవ్వా?”

“షాద్‌నగర్ల, బిడ్డా. గోలి వేస్తే కక్కుతుండె. పానం ఒప్పక సగం దినాలు వెయ్యలే.”

ఈసారి తిట్లు రాలేదు. వాంతి మందు రాసింది, మాత్ర పడుకునే ముందు వేయమంది, రెండు వారాల్లో మళ్ళీ రక్తపరీక్ష అంది. అమ్మాయి రైలు నియమం మార్చింది: మాత్ర పడని రోజు పెట్టెకు రంగు వద్దు, ఎందుకు పడలేదో బొమ్మ వేయాలి.

తర్వాతి రైల్లో రెండు పెట్టెలకు రంగు లేదు. ఒకదాంట్లో వాంతి. రెండోదాంట్లో ఆసుపత్రి మందుల కౌంటరు, దాని ముందు పొడుగాటి లైను, అద్దం మీద ‘స్టాకు లేదు’. డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని ఫార్మసీ వైపు నడిచింది, వరండా దాటకముందే గొంతు పెంచి.