ఫ్రీమేసను సంఘము – వీడినవారి మాట

ఆడువారి నోట నువ్వుగింజ నానదని లోకము చిరకాలముగా నాడుచున్న మాట. కర్ణుని జన్మవృత్తాంతమును కుంతీదేవి దాచినందులకు ధర్మరాజు కోపించి, ఇకమీదట స్త్రీల మనస్సున రహస్యము నిలువకుండుగాక యని శపించెనని భారతకథలో వినుచున్నాము. దాచినందులకు శాపము, దాచలేరని నింద! ఈ రెంటికిని పొందిక యెట్లో పెద్దలే చెప్పవలెను. ఇట్టి నిందను సాకుగా గొని స్త్రీలను గడప దాటనీయని పురుషసంఘములు లోకమున ననేకములు గలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఫ్రీమేసను సంఘము. అందు చేరి, మరల వీడి వచ్చినవారిని గూర్చి సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి. ఏలయన, వీడినవాడు తిరిగి వచ్చునది యింటికే. అతని మౌనముతో కాపురము చేయవలసినది గృహిణియే.

ఆ సంఘము పూర్వకాలమున రాతిపనివారి శ్రేణుల నుండి పుట్టినదని చెప్పుదురు. 1717వ సంవత్సరమున లండను నగరమందలి నాలుగు లాడ్జీలు కలిసి గ్రాండు లాడ్జి యేర్పడినదని వారి చరిత్ర. 1723లో జేమ్సు ఆండర్సను అను మతబోధకుడు కూర్చిన నిబంధనల గ్రంథములో బానిసలను, స్త్రీలను చేర్చుకొనరాదని స్పష్టముగా నున్నది. పనిముట్లే వారికి నీతిపాఠములు. మూలమట్టము ఋజువర్తనకును, వృత్తలేఖిని కోరికల హద్దునకును, మట్టపలక సమానత్వమునకును గుర్తులు. చేరువాడు దేవుని నమ్మవలెను. ఆ దేవుని వారు విశ్వశిల్పి యందురు. లాడ్జిలో మతవాదమును రాజకీయవాదమును చేయరాదు. మెట్లు మూడు. మూడవ మెట్టున, సొలోమను దేవాలయమును గట్టిన హీరాము అను శిల్పి, తన రహస్యపదమును చెప్పక ప్రాణములు విడిచిన కథను నటించి చూపుదురు.

మన దేశమునకు ఈ సంఘము పదునెనిమిదవ శతాబ్దమున కంపెనీవారితో కలకత్తాకు, చెన్నపట్టణమునకు వచ్చినది. అనేక దేవతలను గొలుచు హిందువు ఒక్క దేవుని పేర ప్రమాణము చేయగలడా యని తెల్లవారు చాలకాలము వాదించిన పిమ్మట, 1872లో కలకత్తాలో ప్రసన్నకుమార దత్తు అను హిందువును చేర్చుకొనిరి. ఇండియా గ్రాండు లాడ్జి 1961లో నేర్పడినది. ఉత్తరదేశమున జనులు లాడ్జి భవనములను జాదూఘర్ అని పిలుచుచుండెడివారు. హైదరాబాదులో గోషామహలు బారాదరి యున్నది. రామదాసు కథలో మనము వినెడి తానీషా కాలమున నది అంతఃపురస్త్రీల కొరకు కట్టబడినదని చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున నది మేసనుల లాడ్జి యయ్యెను. గోషాస్త్రీల మేడలోనికి స్త్రీలకే ప్రవేశము లేకపోయినది!

ఇక మేమెరిగిన సంగతి. మా పెదతండ్రిగారు న్యాయవాదులు. వారు 1958లో నొక లాడ్జిలో చేరి, పదునారేండ్లు దానిలో మెలగి, 1974లో విడిచిరి. లోనికి పోవునప్పుడు ద్వారమున కత్తి పట్టిన కావలివాడుండుట యాచారము. బయటికి వచ్చుటకు మాత్రము చందా బాకీ తీర్చి కార్యదర్శికి చిన్న జాబు వ్రాసిన చాలును. మేమప్పుడు వారి యింటనే యుండి కళాశాలలో చదువుకొనుచుంటిమి. ఆ నెలలలో ఆ యింట జరిగిన వాదములన్నియు మా చెవిని బడినవే.

మా పెత్తల్లిగారు పదునారేండ్లు నెలకొక సాయంకాలము నల్లకోటును సిద్ధము చేసి యిచ్చి, రాత్రి ప్రొద్దుపోవువరకు అన్నము ముందిడుకొని కూర్చుండినవారు. బీరువా యడుగున నొక తోలుపెట్టె తాళముతో నుండెడిది. ఆమె దాని నెన్నడును తాకలేదు. రాజీనామా పంపిన నాటి రాత్రి ఆమె, “ఇప్పుడైనను చెప్పుడు, అచ్చట నేమున్నది?” అని యడిగినది. వారు, “సంఘమును వదలితిని గాని, ఇచ్చిన మాటను వదలలేదు” అనిరి. “అయినచో మీరు వీడి వచ్చినట్లెట్లు? సగము మీరింకను అచ్చటనే యున్నారు” అని ఆమె కంట నీరు పెట్టుకొన్నది.

వారేల విడిచిరో కొలది దినములకు వారి మిత్రులైన వైద్యులొకరు వచ్చి యడిగినప్పుడు తెలిసినది. వైద్యులు ఆ లాడ్జివారే. మరల రమ్మని బ్రతిమాలుటకు వచ్చిరి. పెదతండ్రిగారు చెప్పినదిది: “కన్నులకు గంతలు గట్టి, దేనిని దాచవలెనో తెలియకముందే దాచెదనని ప్రమాణము చేయింతురు. తప్పినచో గొంతు కోయుట, నాలుక పెరుకుట మొదలైన శిక్షలను ఆ ప్రమాణములో పలికింతురు. ఇది అచ్చుపుస్తకములలో నున్నదే గనుక చెప్పుచున్నాను. ఆ శిక్షలను ఎవరును నమ్మరు, ఎవరును విధింపరు. నమ్మని మాటను దైవగ్రంథముపై చేయిడి పలుకుట యెందులకు? న్యాయస్థానమున సాక్షి యట్లు పలికినచో నేను సహింపను. మరియు ప్రతి మెట్టునను నూతనసత్య మేదో తెలియునని యెదురు చూచితిని. సత్యము, సోదరభావము, ఆపన్నులకు సాయము – ఇవే చెప్పిరి. మంచివే. మా యమ్మ నాకు వీనిని తలుపులు తెరచియే చెప్పినది.”

వైద్యుల వాదమును త్రోసివేయదగినది కాదు. “రహస్యము ముఖ్యము కాదు, నోరు కట్టుకొనుట నేర్చుటయే ముఖ్యము. చిన్నమాట దాచలేనివాడు రోగి గుట్టు నెట్లు దాచును? హిందువు, మహమ్మదీయుడు, పారసీకుడు, క్రైస్తవుడు ఎవరి గ్రంథముపై వారు ప్రమాణము చేసి, యొక్క పంక్తిని అన్నదమ్ములవలె కూర్చుండు చోటు ఈ యూరిలో మరియెచ్చట నున్నది?” అని వారనిరి. “అది నిజము. ఆ సుఖమే నన్ను పదునారేండ్లు నిలిపినది” అని పెదతండ్రిగారు ఒప్పుకొనిరి.

వంటయింటి గడప కడ నిలిచిన పెత్తల్లిగారు అప్పుడు, “అన్నగారూ, ఆ నాలుగు మతముల అన్నదమ్ములకును భార్యలున్నారు గదా. ఆ మట్టపలక మా కొలతకు పనికిరాదా?” అని యడిగినది. వైద్యులు నవ్వి, “చెల్లెమ్మా, దీనికి నా కడ సమాధానము లేదు” అనిరి.

మేము తరువాత ఈ సంఘచరిత్రను చదివినకొలదిని పెత్తల్లిగారి ప్రశ్నకు బలము చేకూరినది. రహస్యములను వెల్లడించినవా రెవరు? 1730లో లండనులో తంతునంతను అచ్చు వేయించినవాడు శామ్యూలు ప్రిచర్డు. 1826లో అమెరికాయందలి న్యూయార్కు రాష్ట్రమున బటేవియా గ్రామములో విలియము మోర్గను అట్టి గ్రంథమునే ప్రకటింపబూనెను. అతనిని చిన్నఋణము నెపమున చెరలో వేసి, అచ్చటి నుండి గొనిపోయిరి. అతడు మరల కనబడలేదు. మేసనులే చంపిరని జనులు నమ్మి యాగ్రహింపగా, ఆ సంఘమునకు ప్రతికూలముగా నొక రాజకీయపక్షమే పుట్టినది. వేలకొలది సభ్యులు లాడ్జీలను వీడిరి. మోర్గను భార్య లూసిండా యిద్దరు పసిబిడ్డలతో మిగిలినది. అనగా వెల్లడించినవారు పురుషులు. వెల్లడియైనందుల ఫలము ననుభవించినది స్త్రీ. మన నోటి నువ్వుగింజ మాట యిక చాలింపవచ్చును.

వీడినవాడు మాటకు కట్టుబడియుండవలెనా యను ప్రశ్న సులభమైనది కాదు. చార్లెసు ఫిన్నీ అను అమెరికా మతబోధకుడు యౌవనమున లాడ్జిలో చేరి, 1821లో తనకు భక్తి కుదిరిన తరువాత ఆ ప్రమాణములు మనస్సునకు సరిపడక విడిచెను. చాలకాలము మౌనముగానే యుండెను. మోర్గను గ్రంథము వెలువడిన పిదప, అడిగినవారికి అందున్నది నిజమేయని చెప్పెను. స్త్రీలకును విద్య గరపిన ఓబర్లిను కళాశాలకు అధ్యక్షుడుగా పనిచేసిన ఈయన, 1869లో ఈ విషయమై యొక గ్రంథమునే ప్రకటించెను. మోసముచే గొనిన ప్రమాణము కట్టదని యాయన వాదము.

మనవారి కథలలో రెండు త్రోవలును గలవు. ఏమి కోరునో తెలియకయే దశరథుడు కైకకు వరములిచ్చెను. కోరినది తెలిసి గుండె పగిలినను మాట తప్పలేకపోయెను. గోష్ఠీపూర్ణుల వద్ద రహస్యమంత్రమును పొందిన రామానుజులు, గోపురమెక్కి దానిని అందరికిని చాటిరి. గురువాజ్ఞ మీరిన పాపము తనకు, మోక్షము జనులకు అనిరి. అయితే రామానుజులు చాటిన మంత్రము వినినవారిని తరింపజేయునది. మేసనులు చేయి పట్టుకొను విధమును చాటినచో నెవరు తరింతురు? కావున మా పెదతండ్రిగారు దానిని చెప్పకుండుట తప్పుగా మాకు తోచదు.

నమ్మకముల విషయమై పెద్దమతము లూరకుండలేదు. రోమను కాథలికు మతగురువు పన్నెండవ క్లెమెంటు 1738లోనే తనవారిని చేరవద్దని శాసించెను. 1983లో ఆ మతపీఠము అదే మాటను తిరిగి చెప్పినది. మతములన్నిటికి పైన నొక దేవుడను భావము తమ మతమును పలుచన చేయునని వారి భయము. అన్నిటను ఒక్క దేవునే చూచు మన యింటివారికి అట్టి భయము లేదు. పెదతండ్రిగారికి బాధ కలిగించినది విశ్వశిల్పి కాడు, ఆ శిల్పి సాక్షిగా పలికించిన భయంకరవాక్యములే. ఇంగ్లండు గ్రాండు లాడ్జివారు 1986లో ఆ శిక్షలను ప్రమాణము నుండి తొలగించిరి. అది తెలిసినప్పుడు పెదతండ్రిగారు చాల సంతోషించిరి, తిరిగి చేరలేదు.

స్త్రీలును ఊరకుండలేదు. ఫ్రాన్సులో మరియా దెరెము అను విదుషీమణి 1882లో పురుషుల లాడ్జిలోనే ప్రవేశమంది, 1893లో స్త్రీపురుషు లిరువురికి నొక సంఘము నెలకొల్పినది. అనిబిసెంటమ్మ 1902లో దానిలో చేరి, మన దేశమున కూడ వ్యాపింపజేసినది.

మరి మా పెత్తల్లిగారి కన్నీటికి ఫలమేమి? కొన్ని దినములు కడచిన పిమ్మట పెదతండ్రిగారు ఒక యేర్పాటు చేసికొనిరి. గుర్తులును పదములును తమవి కావు గనుక చెప్పరు. తమవైన సంగతులు దాచరు. ఏల చేరిరి, ఏల విడిచిరి, ఇంటి సొమ్ములో నేటేట నెంత యిచ్చిరి – ఈ మూడింటిని కూర్చుండి చెప్పిరి. కక్షిదారులు వత్తురను ఆశతోనే చేరితినని చెప్పుట వారికి కష్టమయ్యెను. ఆమె వినినది, చేయి పట్టుకొను విధమును మరల నెన్నడును అడుగలేదు. తోలుపెట్టె తాళమును వారామె చేతికిచ్చిరి. లోపల గొఱ్ఱెపిల్ల తోలుతో చేసిన తెల్లని ముందుకట్టు. ఆమె దానిని దులిపి, మడిచి, రెండు కలరాయుండలు వేసి మరల పెట్టినది. లాడ్జి మిత్రులలో బహుమంది రాకపోకలు మానిరి. వైద్యులు మాత్రము కడవరకు వచ్చుచుండిరి.

సోదరీమణులారా, ఈనాడును మన భర్తలను, తమ్ములను, కుమారులను – ఇప్పుడు మన కుమార్తెలను సైతము – ఏవో సంఘములు పిలుచుచుండును. అన్నియు చెడ్డవి కావు. పిలుపు వచ్చినప్పుడు మూడు మాటలడుగుడు. దాచవలసినదేమో ప్రమాణమునకు ముందు తెలిసికొనవచ్చునా? మనసు విరిగిననాడు అవమానము లేక విడిచి రావచ్చునా? ఇంటి ధనమును, మనసులోని కారణమును ఇంటివారికి చెప్పవచ్చునా? ఈ మూటికి అవునను సమాధానము రానిచోటికి మనవారిని పంపకుండుట మేలు. ఇక విడిచియే వచ్చినవానిని పదములకై పీడింపకుడు. అవి మూడువందల యేండ్లుగా అచ్చులో నున్నవి. అతడు తనంత తాను చెప్పదలచిన మాటకు చోటిచ్చి, ఆ రాత్రి తీరికగా కూర్చుండి వినుడు.