మిట్టమీది తడబాటు

సాదలినుండి చిక్కబళ్లాపురము ఆసుపత్రికి అమ్మను కారులో తీసికొనిపోవునప్పుడెల్ల, మిట్ట యెక్కుచుండగా ఇంజను ఉండియుండి తడబడెడిది. మనకు ఇంట తెలుగు, సంతలో కన్నడము. ‘మిస్సింగు’ అను మాట మాత్రము రెండింటను ఒక్కటే. ముందరి బండిని దాటు వేళ ఎదుట లారీ వచ్చుచుండ నది తడబడినచో గతి యేమి? షెడ్డుకు కొనిపోయిన దినమున మాత్రము బుద్ధిమంతునివలె నడచెడిది! ఒకచోట పరీక్షింపకయే ప్లగ్గులన్నియు మార్చిరి. డబ్బు పోయెను, జబ్బు నిలిచెను.

శిడ్లఘట్టలో ఒక ముసలి మెకానిక్కు బండిని నిలిపి చూడక, స్కానరు తగిలించి, నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మిట్టపైకే తోలెను. “టర్బో గాలిని అదిమి సిలిండరులోకి తోస్తుంది స్వామీ. అంత దట్టమైన గాలిలో నిప్పురవ్వ దూకాలంటే వోల్టేజి ఎక్కువ కావాల. నీరసపడిన కాయిలు బరువు పడినప్పుడే బయటపడేది” అనెను. స్కానరు పి0302 అని చూపెను. అనగా రెండవ సిలిండరు. అతడు క్రొత్త సామాను తెప్పింపలేదు. ఆ గుర్తును చెరిపి, రెండవ, మూడవ సిలిండర్ల కాయిళ్లను తారుమారు చేసి, మరల మిట్ట యెక్కించెను. ఈసారి పి0303! దోషము కాయిలుతో కూడ పోయినది.

కాయిలొక్కటి మార్చితిమి. మరుసటి ప్రయాణమున అమ్మ మిట్టమీదనే నిద్రపోయెను.