ఇంటిలో ఇండ్లు

అనంతపురమునకు పేరు చెరువును బట్టి వచ్చినది. విజయనగర రాజుల కాలమునాటి అనంతసాగరమే యీ యూరికి నామకరణము చేసినదందురు. పేరులో సాగరమున్నను ఊరి దాహము తీరలేదు. ఈ సీమలో సంవత్సరమునకు కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టిచోట ఒక యింటిని పది యిండ్లుగా చీల్చుట గోడల సంగతి మాత్రమే కాదు. నీటి సంగతి కూడ.

మా వీథిలో జరిగినది చెప్పెదను. ఒక్క కుటుంబము కాపురముండుటకని అనుమతి పొంది కట్టిన మేడ నొకదానిని యజమాని రెండేండ్లలో పండ్రెండు పోర్షన్లు చేసెను. వరండాకు గోడ పెట్టి యొకటి, మెట్ల క్రింద నింకొకటి, మిద్దెపై రేకులు వేసి మరి నాలుగు. ఐదుగురుండవలసిన చోట ముప్పదిమంది చేరిరి. దిగుటకు మెట్లదారి యొక్కటే. అందులో సగము గ్యాసు సిలిండర్లు. వేసవి రాగానే ప్రక్కయిండ్ల బోర్లు ఎండినవి. మురుగు వీథిలోనికి పొంగినది.

వీథివారము ఇరువదిమందిమి మా యరుగుపై గూడితిమి. పంతులను గనుక అర్జీ వ్రాయుట నా పాలబడినది. పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు కావలెనని మన దేశమున వాడుకలో నున్న కొలత. ఆ చొప్పున ఐదుగురికి 675 లీటర్లు, ముప్పదిమందికి 4,050. నూరు చదరపు మీటర్ల మిద్దెపై ఏడాది పొడుగున పడు వాన నంతయు బొట్టు పోకుండ పట్టినను 55,000 లీటర్లే. అది ఆ యింటివారికి పదునాలుగు దినములకైనను చాలదు. ఈ లెక్క యెల్లరకు నచ్చినది. పిమ్మట ఒకరు, "వాళ్లే కులమో, యే ఊరో తెలియదు, అర్ధరాత్రి వస్తారు, పోతారు. ఆడపిల్లలున్న వీథి. అది కూడ వ్రాయండి" అనిరి. అందరును తలలూపిరి. నేనును వ్రాసితిని.

మరునాడు గదుల లెక్క సరిచూచుటకై ఆ యింటికి వెళ్లితిని. మెట్ల క్రింది తలుపు తీసినవాడు నా పదవ తరగతి విద్యార్థి. "మా ఊళ్లో బోరు ఎండిపాయె సార్. చేను ఇడిసిపెట్టి నాయన ఈడ వాచ్‌మన్ పనికి చేరినాడు. ఇల్లు అడిగితే అందరూ ముందు కులమే అడిగినారు. ఈ సారొక్కడే అడగలేదు" అనెను. అర్ధరాత్రి వచ్చిపోవునది వాని తండ్రియే.

నాకు మాట రాలేదు. మా మిద్దెపైనను ఒక గది కలదు. అద్దెకడుగ వచ్చినవారిని "మీరెవరు?" అని నేనును అడిగియుంటిని; ఆ ప్రశ్నకు అర్థము వారికిని తెలియును, నాకును తెలియును. ఆ గదికి అనుమతియు లేదు. 2007, 2015, 2019 సంవత్సరములలో మన రాష్ట్రమున అపరాధ రుసుము గైకొని అక్రమ కట్టడములను క్రమబద్ధము చేసిరి గదా, మరల అట్టి యవకాశము రాకపోదని ఊరకుంటిని. ఆ మేడ యజమానియు అట్లే తలచియుండును.

మీరటులో నివాసమునకిచ్చిన స్థలమున అంగళ్లు కట్టిన వ్యవహారములో, కాలము గడచినంతమాత్రమున అక్రమము సక్రమము కానేరదని సర్వోన్నత న్యాయస్థానము 2024 డిసెంబరు 17న తీర్పు చెప్పినది. ఆ తీర్పు నాకును వర్తించును. అయితే కూల్చుట యొక్కటే మార్గము కాదు. అదే యేడు బెంగళూరు నగరపాలిక అద్దె వసతిగృహములలో మనిషికి 70 చదరపు అడుగుల చోటు, 135 లీటర్ల నీరు ఉండవలెనని నియమించినది. అందులో కులము ప్రశ్న లేదు. చోటు, నీరు కలవు.

ఆ రాత్రి అర్జీని తిరుగ వ్రాసితిని. కులము మాట కొట్టివేసితిని. మెట్లదారి విడిపింపవలెననియు, మురుగునకు దారి చూపవలెననియు, వాననీటి గుంత త్రవ్వింపవలెననియు, ఎవరినైన ఖాళీ చేయింపవలసివచ్చినచో గడువిచ్చి అడ్వాన్సు తిరిగి యిప్పింపవలెననియు వ్రాసితిని. విచారింపవలసిన కట్టడముల పట్టికలో మొదట మా మిద్దెగదిని చేర్చితిని. ఇరువదిమందిలో ఎనిమిదిమంది సంతకము చేయలేదు. "అద్దెకున్నవారి పక్షమున వ్రాసినారు" అని యొకరు నాతో మాటలాడుట మానిరి.

విద్యావంతులమైన మనము అక్రమమును నిందించునపుడు దాని నీడలో తలదాచుకొన్నవారిని గూడ కలిపి నిందించుచున్నాము. మన తలుపులు మూయుటచేతనే వారా మెట్ల క్రిందికి చేరిరని మరచుచున్నాము. చదువరులు తమ యింటి గదిని అద్దెకిచ్చునపుడు మొదటి ప్రశ్న యేది యడుగుచున్నారో తమలో తాము విచారించుకొందురుగాక.

అర్జీ యిచ్చి నెల దాటినది. మెట్లపై సిలిండర్లు తీసిరి; తక్కినవి విచారణలో నున్నవి. మా గది సక్రమమైనచో ముందుగా వారికే యిత్తునని ఆ బాలుని తండ్రికి మాట యిచ్చితిని. ఈ మాటకు మా యింటిలోనే యింకను పూర్తి సమ్మతి కుదరలేదు.